నీళ్ల ఒడ్డున మగ్గం చప్పుడు

మొన్నటి వానకాలం మా మగ్గం గుంతలోకి నీళ్లు వచ్చాయి. పైనుంచి కురిసినవి కావు, కిందినుంచి ఊరినవి. మా మట్టెవాడ పాత ఇళ్లలో ఇదేమీ వింత కాదు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నేల తాగిన నీళ్లన్నీ తిరిగి కక్కుతుంది. ఆ పొద్దున గుంతలో కాళ్లు పెట్టబోతే పాదాలకు చల్లగా తగిలింది. వంగి చూస్తే నల్లటి నీళ్లలో నా ముఖం, దాని పక్కన లింగమ్మ ముఖం కదులుతున్నాయి.

“ఇయ్యాల పని బందే వదినె,” అని లింగమ్మ పాత నూనె డబ్బా తెచ్చి నీళ్లు తోడడం మొదలుపెట్టింది.

లింగమ్మ నా తమ్ముడు వెంకట్రాజం పెళ్లాం. మాది శెత్రంజిలు, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు, నేసే ఇల్లు. పెద్ద శెత్రంజి ఒక్క మనిషితో అయ్యేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, చెరో సగం అడ్డుపోగు పరిచి, పంజాతో కొట్టి బిగించాలి. పంజా అంటే ఇనుప పళ్లుండే చేతి పనిముట్టు, పులిగోళ్లలా వంగి ఉంటుంది. నలభై మూడేళ్లుగా ఎడమ పక్క లింగమ్మ, కుడి పక్క నేను. కుడి పక్క మొదట్లో నాది కాదు. అది తమ్ముడి చోటు.

ఆ ముసురులోనే మహిత హైదరాబాదు నుంచి దిగింది. లింగమ్మ కొడుకు సదానందానికి ఒక్కతే బిడ్డ. నన్ను వరసకు అమ్మమ్మా అంటుంది. అది బస్సెక్కిన దగ్గరనుంచి నేను పదకొండుసార్లు ఫోన్ చేశాను. జనగామ దాటిందా, కాజీపేట వచ్చిందా, దారిలో వాగులు పొంగాయా. ఎవరు గడప దాటినా తిరిగి వచ్చేదాకా నా గుండెలో ఏదో జారిపోతూనే ఉంటుంది. నా మొగుడు భీవండి మిల్లులకు పోయినవాడు పోయినట్టే, మళ్లీ రాలేదు. అప్పటినుంచీ ఇదే తంతు.

“అమ్మమ్మా, నువ్వు ఫోన్ చేసుడుకే నా చార్జింగ్ అంతా ఒడ్సింది,” అంటూ మహిత తడిసిన సంచిలోంచి ల్యాప్‌టాప్, రెండు చిన్న స్పీకర్లు, అరచేతిలో పట్టే రికార్డరు తీసి మంచం మీద పరిచింది.

అది చేసే పని నాకు వెంటనే అర్థం కాలేదు. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల సంగతులు సేకరించేవాళ్లలో చేరిందట. సముద్రపు ఉప్పునీళ్లూ ఏటి మంచినీళ్లూ కలిసే సరస్సు అది. ఆ ఒడ్డున ఉండిన పల్లెల్లో కొన్ని ఇప్పుడు లేవట, వాటి గురించి కాగితాల మీద పెద్దగా ఏమీ లేదట. అందుకని ఇళ్లలో అటకల మీద పడి ఉన్న పాత కాసెట్లు తెచ్చి వింటున్నారు. అందులో ఒక బడిపంతులివి డెబ్బై దాకా దొరికాయి. ఆయన ఆదివారం వస్తే చాలు, టేపురికార్డరు సంకన పెట్టుకుని ఒక్కో పల్లెకు పోయి ఊరి చప్పుళ్లు పట్టేవాడు. అవన్నీ విని, ఏది ఏ చప్పుడో పట్టికలో రాయాలి.

“ఇన్ని ఊర్లుండంగ నీకు గా ఊర్లే దొరికినయా?” అన్నాను.

“తాత పోయిన నీళ్లు గదా అమ్మమ్మా. చిన్నప్పటి సంది ఆ మాట ఇంటనే ఉన్న. ఎట్లుంటయో ఇందామని నేనే అడిగి చేరిన.”

తాత పోయిన నీళ్లు. మా ఇంట్లో ఆ మాట అందరికీ అలవాటే. నాకే కాలేదు.

*

మగ్గం ఆగింది కాబట్టి మధ్యాహ్నాలు ముగ్గురం ఆ చప్పుళ్ల ముందు కూర్చునేవాళ్లం. సదానందం శెత్రంజిల కొట్టుకు పోయేవాడు, కోడలు రమ కుట్టుమిషను మీద ఉండేది. బయట వాన, లోపల స్పీకర్లలోంచి వేరే ఊరి వాన. ఒక్కోసారి ఏది ఏదో తెలిసేది కాదు.

“ఇదేందో చెప్పు నాయినమ్మా,” అని మహిత ఒక చప్పుడు పెట్టింది. వందల గొంతులు ఒక్కసారిగా గాగామన్నాయి.

“పెండ్లిల బువ్వ తక్కువైతే మీ అత్తగారోల్లు చేసే లొల్లి,” అంది లింగమ్మ.

“నాకింక అత్తగారే లేరు.”

“వస్తరు, ఫికర్ చెయ్యకు. గిట్లనే ఒర్లుతరు.”

అవి రాజహంసలట, చలికాలం వేలల్లో దిగుతాయట. మహిత నవ్వుతూ పట్టికలో రాసుకుంది. పడవ అడుగుకు తారు పూసే గీకుడు, ఎండుచేపల మీద కాకుల్ని తోలే రేకు డబ్బా, వల విదిలిస్తే పూసలు రాలినట్టు నీళ్లు... లింగమ్మ సగం చప్పుళ్లు తలెత్తకుండానే చెప్పేది. చెవి గట్టిది ఆమెది. చదువుకోని మనిషికి చెవే పుస్తకం.

అరవై ఒకటో కాసెట్టు వచ్చిన రోజు లింగమ్మ ఇంట్లో లేదు, రేషను బియ్యానికి పోయింది. ముందు పంతులు గొంతు వినిపించింది, బడిలో పాఠం చెప్పినట్టు. “తెడ్లపాళెం. పందొమ్మిది వందల ఎనభై ఆరు, ఫిబ్రవరి తొమ్మిది. సాయంత్రం నాలుగు గంటలు. గాలి తూర్పు.” తర్వాత నీళ్లు ఒడ్డును నాకుతున్న చప్పుడు. ఒక ముసలామె ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమె వెనక, దూరంగా, ఇంకో చప్పుడు.

మూడు దెబ్బలు. ఒక తట్టు. మూడు దెబ్బలు. ఒక తట్టు.

నేను స్పీకరు వైపు వంగాను.

నేసేవాళ్లు పంజాకు పట్టిన దూది రాలగొట్టడానికి అప్పుడప్పుడు దాన్ని మగ్గం కట్టెకు తడతారు. పది వరసలకో, పదిహేనుకో. మూడు దెబ్బలకొకసారి తట్టేవాడు మా వాడ మొత్తంలో ఒక్కడే. చిన్నప్పటి నుంచీ దూది దుమ్ము పడక తుమ్ముతూ పెరిగిన నా తమ్ముడు.

“ఈ సప్పుడు మావోల్లు ఎవ్వరు గుర్తుపట్టలే అమ్మమ్మా. పడవ రిపేరా అంటే కాదంటున్నరు. నీకేమన్న సమజైతాందా?”

“బట్టలుతుకుడు,” అన్నాను. “బండ మీద బట్టలుతుకుతాండ్రు.”

మహిత రాసుకుంది. తమ్ముడు ఆ ల్యాప్‌టాప్‌లో నుంచి ఇంకో నాలుగుసార్లు కొట్టి, తట్టి, ఆగిపోయాడు.

మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క ప్రకారం వాడు చచ్చిపోయింది పందొమ్మిది వందల ఎనభైలో.

*

వాడిని చంపింది నేను. చేత్తో కాదు, కార్డుతో.

ఆ సరస్సు వైపు, సూళ్లూరుపేట పక్క ఒక షావుకారు శెత్రంజిల మగ్గాలు పెట్టించి, నేర్పడానికి మనిషి కావాలంటే తమ్ముడు పోయాడు. నెలకో కార్డు వచ్చేది. అవి చదివేది నేను. నాకు బడి చదువు లేదు. నూలుకట్టలకు చుట్టి వచ్చే కాగితాలు, బెల్లం పొట్లాలు విప్పి, ఒక్కో అక్షరం పక్కింటి పిల్లల్ని అడిగి కూడబెట్టుకున్నాను. మా ఇంట్లో ఇంకెవరికీ చదువు రాదు. అందుకని నేనేది చదివితే అదే రాత.

ఆషాఢంలో ఒక కార్డు వచ్చింది. గడప బయట నిలబడి, పెదాలు కదుపుతూ చదివాను. తమ్ముడు బాగానే ఉన్నాడు. కానీ ఇక రాడు. అక్కడ ఒకామెతో ఉంటున్నాడు. లింగమ్మను విడిపించి పుట్టింటికి తోలమని, పిల్లవాణ్ని తల్లితోనే పంపమని నాకు రాశాడు.

చావు కబురు మోసిన కార్డును మా వైపు ఇంట్లోకి రానివ్వరు. చదివినవాళ్లు గడప బయటే చింపి పారేసి, స్నానం చేసి లోపలికి వస్తారు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నేను ఆ కార్డు చింపింది అందుకు కాదు. లింగమ్మ కంటపడకూడదని. ఆమెకు చదువే రాదన్నది ఆ క్షణాన తోచలేదు. రెండు ముక్కలు, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేస్తుంటే ఎదురింటి సోమక్క చూసింది.

“అయ్యో! వెంకట్రాజమా!” అని గుండెలు బాదుకుంది.

లింగమ్మ గంజి చేతులతో బయటికి వచ్చింది. నా చేతిలో కార్డు ముక్కలు చూసింది. కాదు అని నేను ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను కూడా. అప్పటికే ఆమె వాకిట్లో కూలిపోయింది. నాలుగేళ్ల సదానందం పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకున్నాడు. తల్లి కొంగు కాదు, నా కొంగు.

నేను నోరు మూసుకున్నాను.

ఎట్ల పోయిండు అని నలుగురూ అడిగితే జవాబు సోమక్కే చెప్పింది. “నీళ్ల దేశం గదా, నీళ్లల్లనే పోయిండు.” ఆ మాటే నిలబడిపోయింది. పోయి చూసి వద్దామని మేనమామ లేచాడు. “పోయి ఏం తెస్తవు మామా,” అన్నాను నేను. అంతే నేను అన్నది. శవం లేదు కాబట్టి వాడి అంగీ కాల్చారు. పదో రోజు లింగమ్మ గాజులు పగలగొట్టేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నది నేనే. ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

మొగుడు వదిలేసిందానికి మా కులంలో మారుమనువు ఉంది. కులపెద్దలు ఐదుగురిలో విడుపు ఇస్తే ఆమె పుట్టిల్లు పాలకుర్తికి పోయేది, ఇంకో ఇల్లు చేసుకునేది. పిల్లవాడూ పోయేవాడు. మొగుడు చచ్చినదైతే ఆ ఇంటి కోడలుగా ఆ ఇంట్లోనే ఉంటుంది. ఉంది.

ఆ తర్వాత పదకొండేళ్లు, పోస్టుమాన్ మా సందులోకి రాకముందే నేను మలుపు దగ్గర నిలబడేదాన్ని. రెండో కార్డు వస్తే పట్టుకోవాలి కదా. రెండో కార్డు రాలేదు.

*

ఆ కాసెట్టు విన్న రోజునుంచి ఇంట్లో తమ్ముడు మసలడం మొదలైంది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. వాన చూరు మీదినుంచి బొట్లుగా పడుతుంటే మూడు పడి ఒకటి ఆగేది. రమ మిషను తొక్కుతుంటే లెక్క పెట్టేదాన్ని. గుంతలో నీళ్లు రోజూ తోడుతున్నా తెల్లారేసరికి మళ్లీ ఊరేవి, అదీ కుడిపక్కనే ఎక్కువ. నేల అటు పల్లం, అంతే. అయినా ఆ పక్క కాళ్లు పెట్టడానికి నాకు మనసొప్పేది కాదు. ఒకరోజు వంగి డబ్బా ముంచితే నీళ్లలో నా ముఖం కనిపించింది. ముసలితనంలో ఆడదాని ముఖం తోబుట్టువు ముఖంలా తయారవుతుందని అంతకుముందు నాకు తెలియదు.

మహిత ఆ కాసెట్టును వదలలేదు. ఆ ముసలామె రాగం దానికి నచ్చింది. దాన్నే మళ్లీ మళ్లీ పెట్టేది. లింగమ్మ ఇంట్లో ఉన్నప్పుడల్లా నేను ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేదాన్ని. పిండి పట్టించుకు రమ్మని, కొట్టుకు అన్నం తీసుకుపొమ్మని.

“ఏందే వదినె, నన్ను కూసోనిస్తలేవు? ఇల్లు దాటితే ఏడ్సెటిదానివి, గిప్పుడు నువ్వే తోల్తానవ్,” అంది లింగమ్మ నవ్వుతూ.

“చెవులల్ల పెట్టుకోని ఇను బిడ్డా, నా తలకాయ నొస్తాంది,” అని మహితకు చెప్పాను. అది బుద్ధిగా చెవుల్లో పెట్టుకుంది. నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు కరెంటు పోయి వచ్చింది. మహిత చెవుల వైరు ఊడిందో, ఇంకేమైందో, నేను వంటింట్లో ఉండగా ఆ చప్పుడు స్పీకర్లలోంచి ఇల్లంతా నిండింది. మూడు దెబ్బలు. ఒక తట్టు.

నేను గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. లింగమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. ఆమె ఎడమ చెయ్యి ఏరుతూనే ఉంది. కుడిచెయ్యి మాత్రం చాట అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది, ఆ దెబ్బలకు సరిగ్గా జతగా. తట్టు వచ్చినప్పుడు ఆ చెయ్యి గాల్లో ఆగింది. వాడి తట్టు అయిపోయేదాకా ఆగడం ఆమెకు ఆరేళ్ల అలవాటు. పక్కన కూర్చుని నేసిన ఆరేళ్లు.

మూడోసారి ఆగినప్పుడు ఆమె తన చేతిని తానే చూసుకుంది.

“మహితా. ఇదేం సప్పుడని రాసినవ్?”

“బట్టలుతుకుడు అని. అమ్మమ్మ చెప్పింది.”

లింగమ్మ నా వైపు చూడలేదు. “మల్ల పెట్టు,” అంది.

మహిత పెట్టింది. కళ్లు మూసుకుని మొత్తం వింది. చాటలో బియ్యం కదలలేదు.

“బట్టలు కాదు బిడ్డా. పంజా. ఇద్దరు కొడ్తాండ్రు, ఒకరు కాదు. కుడిపక్కోనిది ముదురు చెయ్యి. ఎడమపక్కోల్లు కొత్త, ఎన్కెన్క పడ్తాండ్రు. చెయ్యి అల్కగున్నది. ఆడమనిషో, ఆడపిల్లో.” కళ్లు తెరిచి అంది. “నా తావుల.”

“అంటే నాయినమ్మా?”

“ఏ సాలుది ఇది?”

“ఎనభై ఆరు.”

లింగమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకోలేదు. ఆ లెక్క ఆమెకు అవసరం లేదు. చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు నా వైపు తిరిగింది.

“ఆ కార్డుల ఏమున్నది వదినె?”

మహిత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఏ కార్డు?”

“మీ అమ్మమ్మ చింపిన కార్డు.” లింగమ్మ గొంతు పెంచలేదు. “గా చిన్న డబ్బ ఉన్నది చూడు, మాటలు పట్టేది. అది ఆన్ చెయ్యి.”

“ఎందుకు నాయినమ్మా?”

“కాయితమైతే చింపొచ్చు. దీన్ని చింపరాదు గదా?”

“రాదు.”

“పెట్టు మరి.”

మహిత రికార్డరును మంచం పట్టె మీద నిలబెట్టింది. దాని మీద ఎర్రటి చుక్క వెలిగింది. బయట వాన పడుతూనే ఉంది, అది కూడా అందులోకి పోతూ ఉండాలి. నేను గడప మీద కూర్చున్నాను. కార్డు మొత్తం నాకు నోటికి వచ్చు. అక్షరం అక్షరం కూడబెట్టుకుని చదివినవాళ్లు దేన్నీ మర్చిపోలేరు.

“అక్కకు వెంకట్రాజం నమస్కారం,” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది. “నేను బాగున్న. ఇకమీద నేను రాను. ఇక్కడ ఒకామెతోని ఉంటున్న. తప్పు నాదే. లింగమ్మది చిన్న వయసు. ఐదుగురిల కూసోబెట్టి విడుపు ఇప్పియ్యి. పాలకుర్తికి తోలు. పిల్లగాన్ని తల్లి నుంచి వేరు చెయ్యకు. నా పంజా ఉన్నది, అది ఎవ్వలకన్న ఇయ్యి. నువ్వు పైలం. ఇట్లు నీ తమ్ముడు.”

“విడుపు అని రాసిండా? గా మాటే రాసిండా?”

“రాసిండు.”

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

లింగమ్మ తల ఊపింది. మహిత చెయ్యి చాపి ఎర్ర చుక్క ఆర్పింది. దాని కళ్లనిండా నీళ్లు, కానీ ఏడవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో దానికి తెలియలేదు. చివరికి మా ఇద్దరి మధ్య నేల మీద కూర్చుంది.

“పట్టికల ఏమని రాయాలె నాయినమ్మా?”

“మగ్గం అని రాయి. ఇద్దరు నేస్తాండ్రు అని రాయి. పేర్లు రాయకు.” చాట మళ్లీ ఒడిలోకి తీసుకుంది. “నువ్వు గా ఊరు పోతే ఆ ఎడమపక్క చెయ్యి ఎవ్వలదో అడుగు. తెలిస్తే నీ దగ్గరనే ఉంచుకో. నాకు చెప్పకు.”

*

సదానందానికి సాయంత్రం మహితే చెప్పింది. వాడు నన్ను తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను. అలా చేసి ఉంటే బాగుండేది. వాడు నా ఎదుట కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

“అత్తా, నా లగ్గం నాడు బతికున్నడా ఆయన?”

“తెల్వది బిడ్డా.”

“నేను తొమ్మిదో తరగతి ఫెయిలైతే, నాయిన లేని పిల్లగాడని సార్లు పాసు మార్కులేస్తమన్నరు. యాదికున్నదా? నువ్వే తోల్కపోయినవ్ బడికి.”

యాదికుంది. వాడు లేచి చెప్పులు లేకుండానే బయటికి పోయాడు. రమ ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

మూడో రోజు వాన తెరిపిచ్చింది. లింగమ్మ రెండు చీరలు, మందుల డబ్బా, పంజా సంచిలో పెట్టుకుంది. పాలకుర్తిలో తన తమ్ముడు బాలరాజు ఇంటికి పోతానంది. ఎన్నాళ్లకు అని ఎవరూ అడగలేదు. బస్టాండు దాకా సంచి నేనే మోశాను. ఆమె వద్దనలేదు. నాకు బస్టాండ్లంటే పడదు, ఆ పొగ, ఆ పేర్లు పిలిచే గొంతులు. అయినా పోయాను.

పాలకుర్తి బస్సు ఇంకా తలుపులు తెరవలేదు. సిమెంటు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం, మగ్గం మీద కూర్చున్నట్టే, ఆమె ఎడమ పక్క, నేను కుడి పక్క.

“ఎందుకు చేసినవని అడుగవా లింగా?”

“అడుగ. ఎర్కనే. నువ్వు ఎవ్వల్ని పోనియ్యవు.” ఎదుటి బస్సు మీద బోర్డును చూస్తూ, చదవలేని మనిషి చదువుతున్నట్టు చూస్తూ అంది. “గా పొద్దు కార్డు చింపినంక అందరు తానాలు చేసిండ్రు. సోమక్క చేసింది. నేను చేసిన. నువ్వు చెయ్యలే వదినె. నీ ఎంట్రుకలు పొడిగుండె. నేను చూసిన.”

నేను సంచి ఒడిలోకి లాక్కున్నాను.

“చూసినంక అడగొద్దా మరి?” అన్నాను.

“అడిగితే నువ్వు చెప్తవని భయమైంది.” తలుపు తెరుచుకున్న చప్పుడుకు ఆమె లేచింది. “సచ్చిండంటే ఏడ్సొచ్చు. ఇడ్సిపెట్టిండంటే ఏం జెయ్యాలె? నాకప్పుడు ఇరవై నాలుగేండ్లు. ఏడ్సుడే అల్కగనిపించింది.”

సంచి నా చేతిలోనే ఉంది. నేను వదలలేదు. ఆమె రెండుసార్లు లాగింది. కండక్టరు చూస్తున్నాడు.

“ఇప్పుడన్న పోనియ్యి వదినె,” అంది మెల్లగా.

వదిలేశాను.

*

మహిత తన స్పీకర్లు సర్దుకుని ఆ వారమే వెళ్లిపోయింది. శ్రావణం ఎండ కాసింది. గుంత ఆరింది. మగ్గం మీద సగం నేసిన పెద్ద శెత్రంజి అలాగే ఉంది, ఎర్ర చారలది, పెళ్లివాళ్లు అడిగింది. కోసేద్దామా అత్తా అని సదానందం అడిగాడు. వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. వద్దన్నాను. ఒక్కదాన్నే అటు కొంత ఇటు కొంత జరుగుతూ నేస్తానన్నాను. వాడు గుంతలో పొడి ఇసుక పోసి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ముందు నా పక్క నాలుగు వరసలు వేశాను. తర్వాత లేచి, లింగమ్మ చోట్లోకి జరిగి కూర్చున్నాను. నలభై మూడేళ్లలో ఆ చోట నేను కూర్చోవడం అదే మొదలు. మూరెడు దూరం. అయినా అక్కడినుంచి ఇల్లు వేరేగా ఉంది. తలుపు కనిపించదు. ఎదురుగా పాత గోడ, దాని మీద వాననీళ్లు దిగిన మరకలు.

పోగు పరిచి కొట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఐదో దెబ్బ వినిపించింది.

పంజా నా చేతిలో ఆగి ఉంది. మళ్లీ కొట్టాను. నాలుగు. కుడిపక్కనుంచి, నేను ఇప్పుడే లేచి వచ్చిన చోటునుంచి, ఇంకొకటి. గట్టిది కాదు. పక్కన కూర్చున్నవాళ్లు కాస్త వెనకపడి కొడితే ఎలా ఉంటుందో అలా. గోడ పాతది, గుంత ఖాళీది, దెబ్బ తిరిగి వస్తోంది అనుకున్నాను. రెండు కొట్టాను, మూడు వచ్చాయి. ఒకటి కొట్టాను, రెండు వచ్చాయి. ఏమీ కొట్టకుండా కూర్చున్నాను. అప్పుడు మాత్రం ఏమీ రాలేదు. వచ్చి ఉంటే నేను అక్కడే పోయేదాన్ని.

నా చోటికి జరిగి కొట్టి చూశాను. నాలుగుకు నాలుగే. అక్కడ ఎన్నడూ ఏమీ వినిపించలేదు, ఇప్పుడూ వినిపించలేదు.

ఫోను తీసి పాలకుర్తికి కలిపాను. బాలరాజు పెళ్లాం ఎత్తి, ఆమెకిచ్చింది.

“లింగా, నీ తావుల కూసున్న. కొడ్తాంటే ఒక దెబ్బ ఎక్కువ ఇనవడ్తాంది. పక్కన్నుంచి.”

అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. కోడి ఒకటి అరిచింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

“ఇన్నేండ్లకు నువ్వు గూడ ఇన్నవా వదినె,” అంది.